తల్లీ, ఆ 58నీ నమ్మొద్దు, ఆ 39నీ నమ్మొద్దు

తల్లీ,

రాత్రి నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. ఎంటెక్ సీటు కోసం రాసే గేట్ పరీక్షకు నువ్వు రాస్తున్న మాక్ (నమూనా) పేపర్లలో మొదటిదాంట్లో వందకు 47, తర్వాతి వారం 58, నిన్న 39. 58 వచ్చిన రోజు ఫోన్ చేసి "చిన్నాయనా, ఈసారి ఐఐటీ ఖాయం" అన్నావు. నిన్నేమో "నాకు సివిల్ ఇంజనీరింగ్ రాదేమో, బ్యాంకు పరీక్షలకు పోతా" అంటున్నావు. ఈ వారం రోజుల్లో నువ్వు సివిల్ మరిచిపోయేంత పని ఏం జరిగింది? ఇంకో పేపర్ రాశావు, అంతే. ఫోన్‌లో చెబితే ఊఁ కొట్టి పెట్టేస్తావని, లెక్క వేసి చూపిస్తే తప్ప నువ్వు నమ్మవని తెలిసి ఇంత పొడుగు రాస్తున్నాను. చదివి పక్కన పడేయకుండా ఆ రఫ్ పేపర్లు ముందు పెట్టుకుని చదువు.

అవ్వ పాలకేంద్రంలో పాలు పోసి స్లిప్పులు తెచ్చుకునేది గుర్తుందా? ఒక పూట ఫ్యాట్ 4.2 వచ్చేది, మరుసటి పూట 3.7. ఆవు అదే, మేత అదే. ఒక్క స్లిప్పు చూసి ఆవును అమ్మేద్దామని అవ్వ ఏనాడూ అనలేదు, ఒక్క స్లిప్పు చూసి మురిసిపోనూ లేదు. బిల్లు వచ్చిన రోజు అన్నీ మంచం మీద పరిచి చూసేది. చదువుకోని మనిషి అంత నిదానంగా చూసిన పనిని ఇంజనీరింగ్ చదివిన నువ్వు ఒక్కో స్లిప్పుకూ ఏడుస్తూ, ఎగురుతూ చేస్తున్నావు.

నువ్వు పంపిన 58 పేపరునీ 39 పేపరునీ పక్కపక్కన పెట్టుకుని నిన్న రాత్రి పదకొండు దాకా కూర్చున్నాను. అనుమానంగా పెట్టిన జవాబు పక్కన చుక్క పెట్టే అలవాటు నీకుంది చూడు, అది చాలా మంచిదైంది. 58 వచ్చిన పేపర్లో రెండు మార్కుల మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు తొమ్మిదింటికి చుక్కలున్నాయి. వాటిలో ఆరు తగిలాయి, అంటే 12 మార్కులు. మూడు తప్పాయి, ఒక్కోదానికి 0.67 చొప్పున 2 మార్కులు కోత. నికరంగా 10. 39 వచ్చిన పేపర్లో కూడా సరిగ్గా తొమ్మిదే చుక్కలు. అక్కడ ఒక్కటే తగిలింది, ఎనిమిది పోయాయి. 2 మార్కులు వచ్చి 5.33 పోయాయి, అంటే నీ మార్కుల్లోంచే 3.33 తీసుకెళ్లాయి. ఇప్పుడు ఈ చుక్కలన్నీ రెండు పేపర్లలోంచీ తీసేసి చూడు. 58 కాస్తా 48 అవుతుంది, 39 కాస్తా 42.33 అవుతుంది. పందొమ్మిది మార్కుల తేడా ఆరుకు దిగిపోయింది. మిగతా పదమూడూ చదువు తేడా కాదమ్మా, ఊహించిన జవాబులు ఒక రోజు కలిసొచ్చి ఒక రోజు కలిసిరాకపోవడం, అంతే.

ఊహించడం తప్పని నేను అనను, దాని లెక్క తెలిసి ఊహించాలి. నాలుగు ఆప్షన్లలో ఏదీ తెలియకుండా ఒకటి పెడితే ఒక మార్కు ప్రశ్నలో నాలుగోవంతు సార్లు ఒక మార్కు వస్తుంది, మిగతా మూడువంతుల సార్లు మూడోవంతు మార్కు పోతుంది, రెండూ కలిపితే సున్నా. అంటే గుడ్డిగా పెడితే సగటున వచ్చేదీ లేదు, పోయేదీ లేదు, మార్కు ఊగడం మాత్రం పెరుగుతుంది. ఒక ఆప్షన్ కచ్చితంగా తప్పని కొట్టేయగలిగితే సగటున 0.11 లాభం, రెండు కొట్టేస్తే 0.33, రెండు మార్కుల ప్రశ్నయితే వీటికి రెట్టింపు. కాబట్టి ఇకమీద చుక్క ఒక్కటే పెడితే చాలదు. రఫ్ పేపర్లో ప్రశ్న నంబరు పక్కన కచ్చితంగా తెలిసినదానికి "తె" అని, రెండింటి మధ్య ఊగినదానికి "అ" అని, ఏమీ తెలియక పెట్టినదానికి "గు" అని రాసుకో. పేపర్ అయ్యాక మూడింటికీ విడివిడిగా మార్కులు వెయ్యి. "తె" మార్కులే నీ అసలు మార్కులు, వారం వారం పెరగాల్సింది అవే. "అ" లలో సగం కూడా తగలట్లేదంటే కొట్టేయకూడని ఆప్షన్ కొట్టేస్తున్నావని అర్థం, ఆ టాపిక్ మళ్లీ తెరవాలి. "తె" అని రాసుకున్నవాటిలో తప్పులు వస్తున్నాయా, అన్నిటికంటే ముందు వాటి దగ్గర ఆగు, ఎందుకంటే తెలుసనుకున్నదాన్ని తప్పుగా తెలుసుకున్నావు, దాన్ని నీ అంతట నువ్వు ఎప్పటికీ వెతకవు.

నెగెటివ్ మార్కులు మల్టిపుల్ చాయిస్‌కే. ఒకటి కంటే ఎక్కువ జవాబులు ఉండగలిగే ఎంఎస్‌క్యూలకు, నంబరు టైపు చేసే న్యూమరికల్ ప్రశ్నలకు కోత లేదు. నిన్నటి పేపర్లో రెండు ఎంఎస్‌క్యూలు ఖాళీగా వదిలేశావు, అది మాత్రం ఒప్పుకోను. వాటిలో సగం జవాబుకు సగం మార్కు ఇవ్వరు, నిజమే, కానీ ఖాళీగా వదిలి కూడబెట్టేది ఏమీ లేదు కదా.

39 పేపర్లో ఇంకో సంగతి ఉంది. న్యూమరికల్‌లో రెండు మార్కుల ప్రశ్నలు రెండు పోయాయి. ఒకటి సెటిల్‌మెంట్ (పునాది కుంగే లెక్క), మిల్లీమీటర్లలో అడిగితే మీటర్లలో వేశావు. ఇంకోదాంట్లో ప్రతి మెట్టులోనూ రెండు దశాంశాలకు రౌండ్ చేసుకుంటూ పోయావు, చివరికొచ్చేసరికి జవాబు వాళ్లిచ్చిన రేంజ్ దాటింది. "ఇవి సిల్లీ మిస్టేక్స్, ఇవి కలిపితే నాకు 43 కదా" అన్నావు మెసేజ్‌లో. కలపొద్దు తల్లీ. ఆ నాలుగు మార్కులు నీవి కావు. నిన్న పోయినట్టే ఫిబ్రవరిలోనూ పోతాయి, నువ్వు ఆపితే తప్ప. ఒక నోటు పుస్తకం పెట్టి యూనిట్లు, రౌండింగు, ప్రశ్న సగం చదవడం, వర్చువల్ కాలిక్యులేటర్‌లో బ్రాకెట్లు మరచిపోవడం, ఇలా ఏ తప్పు ఏ పేపర్లో చేశావో రాసుకో. వరసగా మూడు పేపర్లలో ఆ తప్పు రాకపోతే అప్పుడు ఆ మార్కులు నీవని నేనే ఒప్పుకుంటాను. ఇన్నేళ్లుగా పిల్లల పేపర్లు చూస్తున్నాను, "సిల్లీ" అని పేరు పెట్టి పక్కన పెట్టిన తప్పే ఏడాదంతా వెంట వస్తుంది.

ఇక నీ రూమ్‌మేట్‌కు వచ్చిన 63 సంగతి. ఆ అమ్మాయి రాసే మాక్ పేపర్ల సిరీస్ వేరే, నువ్వు రాసే సిరీస్ వేరే. తిరుపతిలో ఉన్నావు కాబట్టి ఇది నీకు తేలిగ్గా అర్థమవుతుంది. అలిపిరి నుంచి ఎక్కితే 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దారి. శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లే, దూరం రెండు కిలోమీటర్ల పైచిలుకు. ఒకరు గంటన్నరలో ఎక్కాననీ ఇంకొకరు మూడున్నర గంటలు పట్టిందనీ అంటే ఏ దారిలో అని అడగకుండా ఎవరు గట్టివాళ్లో చెప్పగలవా? సిరీస్‌లూ అంతే. కొందరు పేపర్‌ని అసలు గేట్ కంటే కష్టంగా తయారు చేస్తారు, కొందరు పాత ప్రశ్నల్లో నంబర్లు మార్చి పెడతారు. వాళ్లిచ్చే ర్యాంకు కూడా ఆ సిరీస్ కొన్నవాళ్లలో, అందులోనూ ఆ పేపర్ అప్పటికి రాసినవాళ్లలో ర్యాంకు. అందులో ఆపి ఆపి రాసినవాళ్లుంటారు, పుస్తకం తెరిచి రాసినవాళ్లుంటారు. దాన్ని ఆలిండియా ర్యాంకుగా ఇంట్లో చెప్పి మీ నాయనకు ఆశ పెట్టకు, దిగులూ పెట్టకు. ఒకే సిరీస్‌లో నీ మార్కును నీ పాత మార్కుతో పోల్చుకో, దాంట్లో కొంత అర్థం ఉంది.

ఆపి రాయడం గురించి నా సొంత అనుభవం చెప్పాలి, ఇంతవరకు నీకు చెప్పలేదు. నేను మొదటిసారి గేట్ రాసినప్పుడు కంప్యూటర్ లేదు, ఓఎంఆర్ షీటు. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల పేపర్లు తెప్పించుకుని మన పల్లెలో ఇంటి వసారాలో కూర్చుని రాసేవాణ్ని. మధ్యలో లేచి నీళ్లు తాగడం, మోటారు ఆపి రావడం, ఒక ప్రశ్న రాకపోతే "ఇది ఒక్కటి చూద్దాం" అని పుస్తకం తీయడం. మూడు గంటల పేపర్ నాలుగున్నర గంటలయ్యేది, నేను దాన్ని మూడు గంటల మార్కుగానే రాసుకునేవాణ్ని. వరసగా మంచి మార్కులు చూసుకుని నమ్మకంగా వెళ్లాను. హాల్లో రెండు గంటలయ్యేసరికి సగం పేపర్ కూడా కాలేదు, చేతులు చల్లబడ్డాయి, వచ్చినవి కూడా తప్పులు పెట్టాను. సీటు రాలేదు. ఏడాది పాటు ఒక కాంట్రాక్టరు దగ్గర సైట్ పని చేసి మళ్లీ రాశాను. ఆ ఏడాది పోవడం కంటే, అన్ని నెలలు నన్ను నేను తప్పు కొలత కొలుచుకున్నానే అన్నదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. నువ్వు హాస్టల్లో మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, మధ్యలో టిఫిన్ తిని వచ్చి రాసిన ఆ 47ని అందుకే నేను లెక్కలోకే తీసుకోను. ఫోన్ ఇంకో గదిలో ఉండి, 65 ప్రశ్నలూ ఒకే కూర్చోవడంలో, స్క్రీన్ మీది కాలిక్యులేటర్‌తోనే 180 నిమిషాల్లో రాసిన పేపర్ల మార్కులే లెక్క.

సబ్జెక్టు టెస్టుల్లో 80 శాతం వస్తోంది, ఫుల్ టెస్టులో ఎందుకు పడిపోతోంది అని కూడా అడిగావు. సాయిల్ మెకానిక్స్ టెస్టులో ప్రశ్న చూడకముందే అది సాయిల్ మెకానిక్స్ అని నీకు తెలుసు, అప్పటికే సగం పని అయిపోయింది. ఫుల్ పేపర్లో ఫ్లూయిడ్స్ నుంచి సర్వేయింగ్‌కి, అక్కణ్నుంచి స్ట్రక్చర్స్‌కి దూకాలి. రెండూ ఒకటి కావు, రెండోదే నీ పరీక్ష. అలాగే ఆప్టిట్యూడ్ 15, మ్యాథ్స్ 13, ఈ 28 మార్కుల్లో ఎన్ని వస్తున్నాయో ప్రతిసారీ విడిగా రాయి. నీకు 15 నుంచి 21 మధ్య తిరుగుతున్నాయి. సివిల్‌లో ఆరు మార్కులు పెంచడానికి పట్టే కష్టంతో పోలిస్తే ఇక్కడ 22 దగ్గర నిలబెట్టడం సులువు.

ఇంకొకటి, "58కి స్కోరు ఎంత వస్తుంది" అని లెక్క వేయకు. గేట్ స్కోరు వెయ్యికి లెక్క, అది మార్కు ఒక్కదాని మీదే ఉండదు. క్వాలిఫైయింగ్ మార్కుకు 350, పైనున్న 0.1 శాతం మంది సగటుకు 900 అని రెండు గుంజలు పాతి, మధ్యలో నీ మార్కు ఎక్కడుందో చూస్తారు. ఉదాహరణకు క్వాలిఫైయింగ్ 28, పైవాళ్ల సగటు 80 అనుకో, 54 మార్కులకు 625 స్కోరు. పేపర్ తేలికై ఆ రెండూ 34, 90 అయ్యాయనుకో, అదే 54కి 546. సివిల్‌కు రెండు పూటలా రెండు పేపర్లు పెట్టినప్పుడు ఆ రెండింటి కష్టంలో తేడాను సర్దే నార్మలైజేషన్ కూడా ఉంటుంది. అందుకని ఎన్‌ఐటీల ఎంటెక్ సీట్ల కౌన్సెలింగ్ నడిపే సీసీఎంటీ వాళ్లు పెట్టే పాత ముగింపు స్కోర్లను నీ మాక్ మార్కుల పక్కన పెట్టి చూసుకుని ఏడవకు, అవి మార్కులు కావు, స్కోర్లు.

మరి నిజంగా ఎక్కడున్నానో ఎలా తెలుస్తుంది అంటావా. గేట్ నిర్వహించే సంస్థలు పాత పేపర్లూ కీలూ వాళ్ల సైట్‌లోనే ఉంచుతాయి, నీకున్న అసలైన కొలబద్ద అవే. పాత ఏళ్లవి టాపిక్ వారీగా ఇప్పటికే చేసేశావు, వాటిని మళ్లీ టైమ్ పెట్టి రాసి 75 వచ్చిందని సంబరపడటం దండగ, అది జ్ఞాపకానికి వచ్చిన మార్కు. చివరి మూడేళ్ల పేపర్లు నువ్వింకా తెరవలేదన్నావు, అవి తెరవకు. జనవరిలో పది రోజులకొకటి, ఒకటి పొద్దున తొమ్మిదిన్నరకు, ఇంకోటి మధ్యాహ్నం రెండున్నరకు, అసలు పరీక్ష పూటల్లోనే రాయి. ఆ మూడూ, నీ సిరీస్‌లో సరిగ్గా రాసిన చివరి రెండూ కలిపి ఐదు మార్కులు వరసలో పెట్టి మధ్యదాన్ని తీసుకో, సగటు వద్దు, ఒక్క 58 సగటును ఎత్తేస్తుంది. మధ్యది నీ స్థాయి. అన్నిటికంటే తక్కువది పరీక్ష రోజు బాగోకపోతే వచ్చేది, దానికి తగ్గ కాలేజీలు కూడా నీ జాబితాలో ఉండాలి. అన్నిటికంటే ఎక్కువ వచ్చినదాన్ని మాత్రం ప్లానింగ్‌లోకి రానీయకు. ఏర్పేడులోని తిరుపతి ఐఐటీలోనే చేరాలని నీకు ఎంత ఆశో నాకు తెలుసు, మన ఊరి పక్కనే ఉంది, నాకూ అదే ఆశ. అయినా ఒక్క పేరే పెట్టుకుని కూర్చోవద్దు. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది కాబట్టి తలుపు ఒక్కసారికే మూసుకోదు.

వారానికి ఒక పేపర్ చాలు, రాసిన తర్వాత రెండు రోజులు దాన్ని విప్పి చూడటానికే పెట్టు. మూడు రోజులకు మూడు పేపర్లు రాసే పిల్లలను చూశాను, వాళ్లకు మార్కులు కనబడతాయి, తప్పులు కనబడవు. పరీక్షకు వారం ముందు నుంచి కొత్త పేపర్ అసలు వద్దు. అప్పుడు తక్కువ వస్తే బాగుచేసుకునే టైమ్ ఉండదు, టెన్షన్ మాత్రం మిగులుతుంది.

మా అన్నతో మాట్లాడాను. ప్రతి ఆదివారం రాత్రి "ఎంతొచ్చింది" అని అడగొద్దని చెప్పాను, మొదట కోప్పడ్డాడు, తర్వాత సరేనన్నాడు. ఇక చెప్పాల్సింది నాకొక్కడికే, అదీ మార్కు కాదు, "తె", "అ", "గు" లెక్క.

ఈ శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా మా కాలేజీకి వచ్చెయ్. ల్యాబ్‌లో ఒక సిస్టమ్ ఖాళీగా పెట్టించాను, ఐదున్నర దాకా లోపలికి ఎవ్వరూ రారు. ఫోన్ నా దగ్గర ఇచ్చేసి కూర్చో. అయిపోయాక రఫ్ పేపర్ కూడా నాకే ఇచ్చి, చిత్తూరు బస్సెక్కి ఇంటికెళ్లి అమ్మ చేతి అన్నం తిని పడుకో. మార్కు ఆదివారం పొద్దున ఇద్దరం కలిసి చూద్దాం, నేనే వస్తాను.

నీ చిన్నాయన