ముద్దలు లెక్కపెట్టకు, బరువు చూడు

చి.ల.సౌ. అమ్మాయికి,

పెద్దమ్మ దీవించి రాయునది. పాప అన్నం తినడం లేదని రాసిన ఉత్తరం అందింది. నువ్వెంత బెంగపడుతున్నావో అర్థమైంది. దాని బరువులు నువ్వే రాశావు కదా, పుట్టినప్పుడు 2.9 కిలోలు, ఏడాదికి 8.7, ఇప్పుడు 18 నెలలకు 9.8 అని. వాటిని పాప ఎదుగుదల కార్డులో గీతగా గీసి చూడు. చక్కగా పైకే వెళ్తోంది.

మొదటి ఏడాదిలో బిడ్డ పుట్టిన బరువుకు మూడింతలవుతుంది. రెండో ఏడాదంతా కలిపి పెరిగేది రెండు, రెండున్నర కిలోలే. ఎదుగుదల నెమ్మదించాక ఆకలీ తగ్గుతుంది. నేను అంగన్‌వాడీలో పని చేసినన్నాళ్లూ "తినట్లేదు టీచరమ్మా" అంటూ వచ్చిన తల్లుల్లో ఎక్కువమంది చంకలో ఉన్నది ఏడాదికీ మూడేళ్లకూ మధ్య పిల్లే. మీ అత్తగారు పక్కింటి బాబుతో పోలుస్తున్నారని బాధపడకు. ఆవిడది ప్రేమే. కార్డు తీసి ఆవిడకీ చూపించు.

ఇక అసలు సంగతి. పాప రోజుకు నాలుగు సీసాల పాలు తాగుతోందన్నావు. అన్నం తినలేదు, పోనీ పాలైనా తాగనీ అని పట్టేస్తాం. ఆ పాలతో పొట్ట నిండాక అన్నానికి చోటెక్కడుంటుంది? పాలల్లో ఐరన్ చాలా తక్కువ. పాలే తాగే పిల్లలకు రక్తం తగ్గుతుంది, రక్తం తగ్గితే ఆకలి ఇంకా చస్తుంది. ఏడాది దాటిన పిల్లకు రోజు మొత్తానికి అర లీటరు దాటకూడదు. సీసా తీసేసి గ్లాసుతో పట్టు. మొదట మారాం చేస్తుంది, రెండు మూడు రాత్రులు ఏడుస్తుంది. నువ్వు మెత్తబడకు. సాయంత్రం బిస్కెట్లు, అంగడి నుంచి మీ మామగారు తెచ్చే కురుకురేలు కూడా ఆపించు. అయిదింటికి బిస్కెట్ తిన్న పిల్ల ఏడింటికి అన్నం ముట్టదు.

తినిపించే పద్ధతి గురించి కాస్త ఎక్కువే చెబుతాను. గిన్నె పట్టుకుని వెంటపడటం, సెల్‌ఫోన్ చూపిస్తూ నోట్లో కుక్కడం, బూచోడొస్తాడని బెదిరించడం, ఈ మూడూ మానెయ్యి. ముద్దను బుగ్గన పెట్టుకుని అలాగే కూర్చుంటుందన్నావు చూడు, అది "చాలమ్మా" అని చెప్పడమే. దానికింకా మాటలు రాలేదు. ఆ బుగ్గలో ముద్ద ఉండగానే ఇంకోటి పెడితే గిన్నె చూడగానే భయపడటం నేర్చుకుంటుంది.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అన్నది నీ పని. ఎంత తినాలన్నది దాని పని. మూడు పూటలా భోజనం, మధ్యలో రెండుసార్లు ఏదైనా చిరుతిండి, వాటి నడుమ మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. మీరు తినేటప్పుడే దాన్నీ పక్కన పీట మీద కూర్చోబెట్టు. చిన్న పళ్లెంలో రెండు చెంచాల పప్పన్నం, పక్కన ఉడికిన గుడ్డు ముక్క, నెయ్యి చుక్క. తన చేత్తో కెలుక్కోనీ, ఒంటి నిండా పూసుకోనీ, చాప తర్వాత కడుక్కోవచ్చు. ఇరవై నిమిషాలు చూసి, తినకపోతే కోప్పడకుండా పళ్లెం తీసెయ్యి. మళ్లీ వేళయ్యేదాకా ఏమీ ఇవ్వకు. కొత్త కూర ఒకసారి ఉమ్మేసిందని వదిలెయ్యకు. కొందరు పిల్లలకు పది, పదిహేనుసార్లు కనబడితే గానీ నోట్లో పెట్టుకోరు.

కొంచెమే తింటుంది కాబట్టి ఆ కొంచెంలోనే సత్తువ ఉండాలి. పల్చటి చారన్నం వల్ల పొట్ట నిండుతుందే గానీ బలం రాదు. ముద్దపప్పు, తోటకూర పప్పు, మునగాకు వేసిన అట్టు, బెల్లం వేసిన రాగి జావ, వారానికి ఒక్కసారి మెత్తగా ఉడికిన కార్జం పెట్టు. ఆకుకూర పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ బాగా ఒంటపడుతుంది. టీ మాత్రం చుక్క కూడా వద్దు. వేరుశనగలు పొడి చేసే పెట్టు, గింజలుగా ఇస్తే గొంతుకు అడ్డం పడతాయి.

2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో ఆరు నెలలు దాటిన, అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 67 మందికి రక్తహీనత ఉందని తేలింది. పాలు అంతగా తాగింది కాబట్టి పాపకు ఒకసారి హిమోగ్లోబిన్ చూపించు. దిష్టి తీయాలనుకుంటే తియ్యి, కానీ ఆ పరీక్ష మానకు. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ సిరప్ వారానికి రెండుసార్లు వెయ్యి. ఫిబ్రవరి, ఆగస్టుల్లో అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఏడాది దాటి రెండేళ్లలోపు ఉన్న వాళ్లకు సగమే. దాన్ని పొడి చేసి నీళ్లలో కలిపి వేయించు. విరేచనం గట్టిగా అవుతుందేమో కూడా గమనించు, మలబద్ధకం ఉన్న పిల్లకు ఆకలి వెయ్యదు.

మందుల షాపులో ఆకలి మందని ఇచ్చే సిరప్ నీ అంతట నువ్వు కొనకు. వాటిలో కొన్ని అసలు అలర్జీకి వాడేవి. పిల్లలు మత్తుగా పడుకుంటారు, రెండేళ్లలోపు వాళ్లకు పొయ్యకూడదు.

రెండు మూడు నెలలుగా బరువు కదలకపోయినా, తగ్గినా, తరచూ వాంతులవుతున్నా, జ్వరం విడవకపోయినా, మింగేటప్పుడు ఏడ్చినా, మట్టి, సున్నం తింటున్నా, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయినా ఇంట్లో చిట్కాలు చూస్తూ కూర్చోవద్దు. మర్నాడే పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. వెళ్లేటప్పుడు కార్డు మర్చిపోకు.

ఇట్లు,
మీ పెద్దమ్మ