ఇంటిపేరు సంఘంలో చేరనా, వద్దా?

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. రిటైరైన టీచర్ని. మా పుట్టింటి ఇంటిపేరు వాళ్లంతా కలిసి విజయవాడలో ఒక సంఘం పెట్టుకున్నారు, అందరి మూలాలూ వెతికి వంశవృక్షం పుస్తకం వేస్తారట. కిందటి కార్తీకంలో వనభోజనాలకు పిలిస్తే వెళ్లాను. సభ్యత్వం రెండు వేలు. కట్టబోతే, పెళ్లయి వెళ్లిన ఆడపడుచులకు సభ్యత్వం లేదు, మీ తమ్ముడి పేరు మీద కట్టండి అన్నారు. వాడికి ఇవేం పట్టవు. నా దగ్గరేమో మా నాయనమ్మ మాట ఒక్కటే ఉంది: ‘మనది కృష్ణా జిల్లా, కరువులో ఇటొచ్చాం’ అనేది. చేరడం దండగా? సొంతంగా వెతుక్కోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: తమ్ముడి పేరు మీదే కట్టేసి మీరు వెళ్లండమ్మా. ఆ రెండు వేలు పుస్తకానికి కాదు, వనభోజనాల్లో ఉసిరిచెట్టు కింద కుర్చీ వేయించుకుని కూర్చునే ఎనభై ఏళ్ల పెద్దాయన కోసం. ఎవరు ఎవరికి దత్తత వెళ్లారు, ఏ అల్లుడు ఇల్లరికం వచ్చి అక్కడే స్థిరపడిపోయాడు, ఇవి ఆయన నోట వినాల్సిందే. వినేటప్పుడు రాసుకోండి, ఇంటికొచ్చాక రాద్దాంలే అనుకుంటే సగం పోతుంది.

ఆ రూలు మాత్రం నాకూ మింగుడుపడలేదు. తర్పణాలు వదిలేటప్పుడు తండ్రి, తాత, ముత్తాతలతో ఆపేస్తామా? అమ్మ తండ్రినీ, ఆయన తండ్రినీ, తాతనూ కూడా తలుచుకుంటాం. పితృకార్యంలోనే అమ్మ పుట్టింటివాళ్లకు చోటుంటే సంఘం పుస్తకంలో ఆడపడుచుల పిల్లలకు ఎందుకుండదో, ఈసారి మీటింగులో లేచి అడగండి. మీ వెనక ఇంకో నలుగురు లేస్తారు చూడండి.

ఇక వెతకడం. ముందు మీ నాయనమ్మ మాట సంగతి చూద్దాం, ఎందుకంటే ఇక్కడే చాలామంది దారి తప్పుతారు. 1859లో గుంటూరు జిల్లాను తీసేసి కృష్ణా జిల్లాలో కలిపారు, మళ్లీ వేరే జిల్లా చేసింది 1904లో. మధ్యలో ఆ నలభై అయిదేళ్లూ తెనాలి, బాపట్ల, నరసరావుపేట వైపు ఊళ్లు కూడా కాగితాల మీద కృష్ణా జిల్లాయే, జిల్లా కేంద్రం బందరు. కాబట్టి మీ నాయనమ్మ ఆ మాట తన అత్తగారి నోట విని ఉంటే, అందులో ‘కృష్ణా జిల్లా’ అంటే ఏరు దాటి వచ్చారని కాకపోవచ్చు, తెనాలి పక్క పల్లె నుంచి వచ్చినా అలాగే అనేవారు. కరువు ఏదన్నది తరాలు లెక్కపెడితే కొంత తేలుతుంది. గుంటూరు సీమను తుడిచిపెట్టిన డొక్కల కరువు 1832-33లో, నందన నామ సంవత్సరంలో వచ్చింది. ధాత కరువు 1876-78లో వచ్చింది. నాయనమ్మకు నాయనమ్మ చెప్పిన కథ అయితే మొదటిదా, రెండోదా అని ఆలోచించాలి, నాయనమ్మ తండ్రి కళ్లారా చూశాడంటే రెండోదే.

సంవత్సరాల పేర్లతో మాత్రం జాగ్రత్త, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగొస్తుంది. మా ఇంట్లో పాత పద్దు పుస్తకం మీద ‘జయ’ అని ఉంటే నేను 1954 అనుకుని మా ముత్తాత పెళ్లి ఆ ఏడు వేసేశాను. అప్పటికి ఆయన మనవడికే పెళ్లయింది! అది 1894 జయ. తాత పేరు మనవడికి పెట్టే అలవాటొకటి, తరం విడిచి తరం అదే వెంకటసుబ్బయ్య కనిపిస్తే ఇద్దర్నీ ఒక్కణ్ణి చేసేస్తాం.

కాగితం ముక్క లేదన్నారు, నేను నమ్మను. 2016 కృష్ణా పుష్కరాల్లో మీవాళ్లు ఎవరైనా పిండాలు పెట్టి ఉంటే, బ్రహ్మగారికి చదివి వినిపించడానికి పేర్లూ గోత్రాలూ రాసుకెళ్లిన కాగితం ఉంటుంది, మాది పంచాంగంలో మడిచి పెట్టి దొరికింది. అందులో మేనత్తలూ, వాళ్ల భర్తలూ, పిల్లల్లేకుండా పోయినవాళ్లూ అందరూ ఉన్నారు. తర్వాత తమ్ముడి బీరువాలో పారీఖత్తు వెతకండి, పొలం పంచుకున్నప్పుడు రాసుకున్నది. అందరూ పంచుకున్నవాళ్ల పేర్లు చూసి మూసేస్తారు. మీరు హద్దులు చదవండి. తూర్పు ఫలానావారి చేను, ఉత్తరం ఫలానావారి చేను అని ఉంటుంది కదా, ఒకప్పుడు ఒకే చెక్క అయిన పొలం కాబట్టి ఆ ఫలానావాళ్లు చాలాసార్లు దాయాదులే. అడుగున సాక్షులనూ వదలకండి. మా దాంట్లో ఒక వేలిముద్ర, పక్కన రాసినవాడి దస్తూరితోనే ‘నిశానీ’ అని, కింద పేరు. ఆయన మా ముత్తాత బావమరిది, ఆ పేరు పట్టుకునే ముత్తవ్వ పుట్టిల్లు ఏ ఊరో తెలిసింది.

ఊరు తెలిశాక రిజిస్ట్రారాఫీసులో పాత దస్తావేజుల నకళ్లు, తహసీల్దారాఫీసులో ఆర్.ఎస్.ఆర్. (పాత భూముల సర్వే రిజిస్టరు) అడగొచ్చు, రెండు మూడుసార్లు తిరగాలి. ఊరి భూముల లెక్కలు రాసే కరణీకాలు 1984లో పోయాయి గానీ కరణంగారి మనవలు ఊళ్లో ఉండే ఉంటారు, వాళ్లనూ పలకరించండి. మీ ఊరికి పిచ్చుకుంట్లవాళ్లో భట్రాజులో వచ్చి వంశాలు చెప్పేవారా అని పెద్దాయన్ని అడగడం మర్చిపోవద్దు.

చివరిగా, ఇంటిపేరు కలిసిందని చుట్టరికం కలిపేయకండి. చాలా ఇంటిపేర్లు ఊరి పేర్లే, ఆ ఊరు వదిలి వచ్చిన వేరువేరు కులాలవాళ్లకూ అదే ఉంటుంది. గోత్రం, ఊరు, రెండూ కలవాలి. సంఘం వాళ్లు తొందరపడి అందర్నీ ఒకే కొమ్మకు వేలాడదీస్తుంటే మీ కొమ్మ వరకూ ఒప్పుకోకండి.

ప్రశ్న: డీఎన్‌ఏ టెస్టు చేయించుకుంటే అమ్మమ్మ వాళ్ల పూర్వీకులెవరో తెలుస్తుందా? (పటమట, విజయవాడ)

జవాబు: పేర్లు తెలియవు బాబూ. అదే కంపెనీలో టెస్టు చేయించుకున్నవాళ్లలో మీకు రక్తసంబంధం ఎవరితో ఉందో మాత్రం చెబుతుంది, వాళ్లెవరో, ఎలా చుట్టమో మళ్లీ మనమే అడిగి తెలుసుకోవాలి. అమ్మమ్మ ఉన్నారో లేదో రాయలేదు. ఉంటే ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన కూర్చోండి, మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక అయితే బాగా మాట్లాడతారు.