మలక్‌పేట రేసులకు ఐదుగురి ఉమ్మడి డబ్బు: కేసు భయం ఉందా, గెలిస్తే వాటా దక్కుతుందా?

ప్రశ్న: మాది కావలి. నేను, మరో నలుగురు స్నేహితులు తలా నాలుగు వేలు వేసుకుని ఇరవై వేలతో హైదరాబాద్ మలక్‌పేట రేసులకు వెళ్దామనుకుంటున్నాం. మాలో ఒకతనికి గుర్రాల సంగతి బాగా తెలుసు. రేసు పుస్తకం ముందేసుకుని ఏ రేసులో ఏ గుర్రమో రాసి పెట్టాడు. కొంత విన్‌కి (గుర్రం మొదటిగా రావాలి), కొంత ప్లేస్‌కి (మొదటి కొన్ని స్థానాల్లో వస్తే చాలు), మిగతాది జాక్‌పాట్‌కి అని ప్లాన్. డబ్బంతా అతని చేతికే ఇస్తున్నాం. మా మామగారు పోలీసు శాఖలో రిటైరయ్యారు. ఇది పేకాట కేసు లాంటిదే, పరువు పోతుందని ఒకటే గొడవ. ఇక్కడే ఒకాయన ఫోన్లో పందేలు తీసుకుంటాడు. టాక్స్ ఉండదు, అంత దూరం ఎందుకు అంటున్నాడు. జాక్‌పాట్ తగిలితే మా స్నేహితుడు వాటా ఇవ్వకపోతే ఏం చేయాలి? పన్ను ఎంత పోతుంది? వాట్సాప్‌లో మూడు వేలు కడితే గెలిచే గుర్రం చెబుతానంటున్న వాణ్ని నమ్మవచ్చా?

జవాబు: ముందు మీ మామగారి టెన్షన్ సంగతి చూద్దాం. ఆయన భయం పూర్తిగా తప్పు కాదు. కాకపోతే మలక్‌పేట కౌంటర్‌కు అది వర్తించదు, ఫోన్లో పందేలు తీసుకునే ఆయనకు అచ్చంగా వర్తిస్తుంది.

ఉమ్మడి రాష్ట్రంలో 1974లో వచ్చిన గేమింగ్ చట్టమే తర్వాతి సవరణలతో ఇటు ఆంధ్రప్రదేశ్‌లోనూ అటు తెలంగాణలోనూ నడుస్తోంది. డబ్బు పెట్టి పందెం కాయడాన్ని ఆ చట్టం నేరంగానే చూస్తుంది. ఒక్క గుర్రప్పందేలకు మాత్రం మినహాయింపు ఇచ్చింది, అదీ మూడు షరతుల మీద. పందెం రేసు జరిగే రోజునే కాయాలి. ప్రభుత్వ అనుమతితో క్లబ్ స్టూవార్డులు, అంటే రేసులను పర్యవేక్షించే అధికారులు, అందుకోసం కేటాయించిన ఆవరణలోనే కాయాలి. లైసెన్సున్న బుక్‌మేకర్ (పందేలు తీసుకునే వ్యాపారి, బుకీ) దగ్గరగానీ టోటలైజేటర్ మీద, అంటే మనం టోట్ అనే క్లబ్ కౌంటర్‌లోగానీ కాయాలి. మూడూ ఉంటేనే మినహాయింపు. ఒక్కటి లేకపోయినా అదే గుర్రం, అదే రేసు, అదే డబ్బు నేరమవుతుంది. సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి కూర్చుని రేపటి రేసు మీద మీలో మీరు వెయ్యి వెయ్యి కాసుకున్నా ఈ మినహాయింపు మిమ్మల్ని కాపాడదు.

గుర్రాలకే ఈ మర్యాద ఎందుకంటే దాని వెనక పెద్ద న్యాయపోరాటమే ఉంది. తమిళనాడు ప్రభుత్వం 1974లో గుర్రప్పందేలను రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. మద్రాస్ రేస్ క్లబ్ పట్టు వదల్లేదు. చివరికి 1996 జనవరిలో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గుర్రం పుట్టుక, తర్ఫీదు, జాకీ నేర్పు, మోసే బరువు ఇవన్నీ ఫలితాన్ని నిర్ణయిస్తాయి కాబట్టి ఇది ప్రధానంగా నైపుణ్యం మీద నడిచేదే, జూదం కాదంది. మీ స్నేహితుడు రేసు పుస్తకంలో వెతుకుతున్నవీ అవే: గత పరుగులు, దూరం, హ్యాండికాప్ బరువు (పోటీ సమంగా ఉండాలని గుర్రం మీద వేసే బరువు), జాకీ, ట్రైనర్. అయితే ఆ తీర్పు పట్టుకుని ఎక్కడైనా ఎలాగైనా కాయవచ్చనుకునేవాళ్ళు నా ఆఫీసుకు చాలామందే వచ్చారు. రేసు నైపుణ్యమే. పందెం కాసే చోటు, పద్ధతి మాత్రం చట్టం చెప్పినవే అయ్యుండాలి. మరో మాట. ఈ మినహాయింపు గుర్రానికే. ఒంగోలు గిత్తల బండలాగుడు దగ్గర కట్టే పందేలకు, సంక్రాంతి కోళ్ళకు ఇందులో చోటు లేదు.

ఇక మీ ఊరాయన. ఆయన దగ్గర ఆ మూడు షరతుల్లో మహా అయితే మొదటిది ఉంటుంది. 2020లో మన రాష్ట్రం చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ ఆటలను కూడా అందులోకి తెచ్చింది. నడిపేవాడికి మొదటిసారికి ఏడాది వరకు, మళ్ళీ దొరికితే రెండేళ్ళ వరకు జైలు. ఆడినవాడికి ఆరు నెలల వరకు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 112వ సెక్షన్ ఇంకా గట్టిది. ముఠాగా ఏర్పడి అనుమతి లేని పందేలు నడిపితే ఏడాది నుంచి ఏడేళ్ళ వరకు శిక్ష. ఆయన ఫోన్ పోలీసుల చేతికి చిక్కితే అందులో మీ నంబరు, మీరు పంపిన డబ్బు వివరాలు ఉంటాయి. స్టేషన్ గుమ్మం ఎక్కాక ‘నేను ఒక్క రేసుకే కాశాను సార్’ అంటే వినేవాళ్ళుండరు. ఎవరైనా క్లబ్ పేరు చెప్పుకుని మీ దగ్గర్లో కౌంటర్ పెడితే క్లబ్ ఇచ్చిన కాగితం, ప్రభుత్వ అనుమతి రెండూ చూపమనండి. రెండూ ఉంటే వేరే సంగతి.

టాక్స్ లేదన్న ఆయన మాట ఎందుకు ఊరిస్తుందో నాకూ తెలుసు. 2025 సెప్టెంబర్ 22 నుంచి గుర్రప్పందేల మీద జీఎస్టీ 28 నుంచి 40 శాతానికి పెరిగింది. దొంగ బుకీ మిగిల్చేది ఆ డబ్బే. కానీ ఆయన గెలుపు డబ్బు ఎగ్గొడితే మీకు దిక్కు లేదు. అది మీ అసలు ప్రశ్నకు, అంటే వాటాకు, నేరుగా ముడిపడిన విషయం.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. పందెం గెలిచానని ఎవరి మీదా దావా వేయలేరు. 500 రూపాయలు, అంతకు పైబడిన రేసు బహుమతికి చందా వేసుకునే ఒప్పందాలకు ఆ సెక్షన్‌లో చిన్న వెసులుబాటు ఉంది. అది గెలిచిన గుర్రానికి ఇచ్చే బహుమతి గురించి, మన పందెం గురించి కాదు. కాబట్టి లైసెన్సున్న బుక్‌మేకర్‌తో తేడా వచ్చినా కోర్టు కన్నా ముందు అక్కడికక్కడే స్టూవార్డుల దగ్గర ఫిర్యాదు ఇవ్వాలి. రేసు కోర్సు దాటి వచ్చాక వాదించి లాభం లేదు.

మరి మీ స్నేహితుడి మాటేమిటి? ఇక్కడ చట్టం మీ పక్షాన ఉంది. 1959లో ఘేరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు, పందెం చెల్లనిది మాత్రమే, చట్టవిరుద్ధం కాదు, కాబట్టి దానికి అనుబంధంగా చేసుకున్న వేరే ఒప్పందం చెల్లుతుందని చెప్పింది. మీ ఐదుగురికీ క్లబ్‌కూ మధ్య ఉన్నది పందెం. మీ నలుగురికీ ఆ స్నేహితుడికీ మధ్య ఉన్నది ఏజెన్సీ, అంటే అతను మీ తరఫున పని చేసే ఏజెంటు. మీ తరఫున వసూలు చేసిన సొమ్మును ఏజెంటు మీకు అప్పగించాల్సిందేనని కాంట్రాక్టు చట్టం 218వ సెక్షన్ చెబుతోంది. ఇవ్వకపోతే మూడేళ్ళలోపు కావలిలోనే సివిల్ దావా వేయవచ్చు.

కానీ ఒక మెలిక ఉంది. అసలు పందెమే నేరమైతే దాని చుట్టూ చేసుకున్న ఒప్పందానికి కూడా కోర్టు చేయి అందించదు, కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ అడ్డొస్తుంది. అంటే అదే ఇరవై వేలు మీ ఊరాయన దగ్గర కాసి రెండు లక్షలు గెలిచి, మీ స్నేహితుడు ఆ డబ్బు జేబులో వేసుకున్నా మీరు నోరెత్తలేరు. మలక్‌పేటకు వెళ్ళి కాయమని చెప్పడానికి నాకున్న పెద్ద కారణం ఇదే.

మీ ప్లాన్‌ను కాగితం మీద పెట్టండి. గుర్రాల పేర్ల సంగతి కాదు నేనంటున్నది, ఎవరికి ఏ అధికారం ఉందన్నది. జాక్‌పాట్ ఎలా పెరుగుతుందో చూడండి. వరసగా ఐదు రేసుల విన్నర్లు చెప్పాలి. ఐదు రేసుల్లో 2, 3, 1, 2, 2 గుర్రాలు ఎంచుకుంటే 24 కాంబినేషన్లు. కౌంటర్ దగ్గర నిలబడ్డాక రెండు రేసుల్లో ‘ఇంకో గుర్రం కూడా వేద్దాం’ అనిపించి 3, 3, 1, 3, 2 చేస్తే 54. ఖర్చు రెట్టింపు దాటిపోయింది. తర్వాత విన్, ప్లేస్‌లకు డబ్బు చాలదు. గొడవలు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. తెల్లారి రాసుకున్నదొకటి, మధ్యాహ్నం కాసేది ఇంకొకటి. ఏజెంటు చెప్పినదానికి భిన్నంగా నడుచుకుని నష్టం తెస్తే ఆ నష్టం భరించాలి, లాభం వస్తే లెక్క చెప్పాలి అని 211వ సెక్షన్ అంటుంది. చెప్పినట్టు రుజువు లేకపోతే ఆ సెక్షన్ పనికిరాదు.

కాబట్టి ఒక పేజీ చాలు. ఎవరు ఎంత ఇచ్చారు, జాక్‌పాట్‌కు గరిష్ఠంగా ఎంత, విన్, ప్లేస్‌లకు ఎంత, గుర్రం విత్‌డ్రా అయితే లేదా ఆఖరు నిమిషంలో జాకీ మారితే నిర్ణయం ఎవరిది, గెలిచిన డబ్బు పన్ను పోగా ఎలా పంచాలి. ‘మా తరఫున పందెం కాయడానికి’ అని రాయండి. భాగస్వామ్యం, పార్ట్‌నర్‌షిప్ అనే మాటలు వద్దు. రిజిస్టర్ కాని ఫర్మ్‌కు దావా వేయడంలో 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 69వ సెక్షన్ అడ్డంకులు పెడుతుంది, ఆ తలనొప్పి మీకెందుకు? డబ్బు యూపీఐలో పంపండి. మీ వాట్సాప్ గ్రూపులో ఆ పేజీ ఫోటో పెట్టి అందరూ ఓకే అనండి. అది భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్‌తో సాక్ష్యంగా వాడుకోవచ్చు. టికెట్లు కొన్న వెంటనే ఫోటో తీసి గ్రూపులో పెట్టమనండి. ఒరిజినల్ టికెట్ మాత్రం చెక్కులాగా జాగ్రత్త. రేసు అయిపోయి ఫలితం ఖరారయ్యేదాకా ఓడిందనుకుని చించేయకండి. అభ్యంతరం వచ్చి స్థానాలు తారుమారవుతుంటాయి.

ఒకవేళ అతను అసలు పందెమే కాయకుండా డబ్బు ఉంచుకుంటే? మీ అసలు డబ్బు మీకు వస్తుంది. కాసి ఉంటే వచ్చేది కదా అని రాని డివిడెండ్ (టోట్ చెల్లించే గెలుపు డబ్బు) అడిగితే నిలబడదని నా అభిప్రాయం. ఆ పందెం మీద ఎవరూ కోర్టుకెళ్ళలేనప్పుడు అది మీకు కచ్చితంగా వచ్చే డబ్బని ఎలా చెబుతారు?

ఇక పన్ను. రేసు గెలుపు మీద 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు. ఏ శ్లాబులూ లేవు, బేసిక్ మినహాయింపూ లేదు. 1961 చట్టంలో ఇవి 115బీబీ, 194బీబీ సెక్షన్లు. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి నంబర్లు మారాయి. ఒక్క గెలుపు పదివేలు దాటితే క్లబ్బే 30 శాతం పట్టుకుని మిగతాది ఇస్తుంది. రెండు లక్షల జాక్‌పాట్ అనుకోండి. 60,000 అక్కడే పోతుంది, చేతికి 1,40,000. రిటర్న్‌లో సెస్సు 2,400 కట్టాలి. మిగిలే 1,37,600 ఐదుగురికీ పంచితే తలా 27,520. చాలామంది రెండు లక్షలను ఐదుతో భాగించి నలభై వేలు అడుగుతారు, స్నేహం అక్కడ చెడుతుంది.

పైగా టీడీఎస్ (క్లబ్ ముందే పట్టుకునే ఆ పన్ను) మొత్తం డబ్బు తీసుకున్నవాడి పాన్ మీద పడుతుంది. ఎవరి వాటా వారి ఆదాయమని పన్ను కోసేవారికి డిక్లరేషన్ ఇచ్చే పద్ధతి నిబంధనల్లో ఉంది గానీ, రేసు రోజు కౌంటర్ దగ్గర అది అయ్యే పని కాదు. రేటు అందరికీ ఒకటే కాబట్టి మొత్తం పన్ను మారదు. ఆ లెక్క మీ పేజీలో ఒక లైను రాసుకుని, వెళ్ళేముందు మీ ఆడిటర్‌తో మాట్లాడండి. ఇంకో చేదు నిజం: ఒక రేసులో నలభై వేలు గెలిచి, మిగతా రేసుల్లో యాభై వేలు పోగొట్టుకున్నా నలభై వేల మీద పన్ను తప్పదు. పోయినది తీసేసే వీలు లేదు, రైలు చార్జీ కూడా తీసేయలేరు.

హైదరాబాద్ దూరమనుకుని పినాకినీలో చెన్నై వెళ్ళి గిండీ రేసు కోర్సులో కాద్దామనుకుంటే, అక్కడి క్లబ్ లీజును తమిళనాడు ప్రభుత్వం రద్దు చేసి 2024 సెప్టెంబర్‌లో స్థలానికి సీలు వేసింది. రేసు ఉందో లేదో కనుక్కుని టికెట్ తీసుకోండి.

వాట్సాప్ టిప్పుల మనిషి. గుర్రం గురించి తన అంచనా చెప్పి డబ్బు తీసుకోవడం ఒకటి. ‘ఈ రేసు ఫిక్స్, గెలుపు గ్యారంటీ’ అని డబ్బు తీసుకోవడం మోసం, న్యాయ సంహిత 318వ సెక్షన్ కిందికి వస్తుంది. నిజంగా తెలిసినవాడు మీ మూడు వేల కోసం ఎదురు చూడడు. ఈపాటికే కట్టేసి ఉంటే ఆ మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ ఖాతాలో డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.