ఎల్‌కేజీ పిల్లవాడికి ట్యాబ్ కొనాలా?

మీ బాబుకు నాలుగేళ్లని, బడివాళ్లు ట్యాబ్ కొనమంటున్నారని, కొనకపోతే వెనకబడతాడేమోనని భయంగా ఉందని రాశారు. వెనకబడడండీ. కొనవద్దనే నా సలహా. రెండేళ్ల క్రితం మేము కొన్నాం కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం. మా పాపను చేర్చిన బడిలో ఎల్‌కేజీ నుంచే ట్యాబ్ పాఠాలు. ఇంట్లో రోజూ అరగంట చేయించమన్నారు. నేనూ మా ఆవిడా ఉద్యోగాలు చేస్తాం. ఆ అరగంట ఎప్పుడు గంటన్నర అయిందో గమనించుకోలేదు. నాలుగు నెలలు తిరిగేసరికి పాప వంద దాకా అంకెలు గడగడా చెప్పేసేది. చుట్టాలు వస్తే పిలిచి మరీ చెప్పించేవాళ్లం.

ఒక ఆదివారం భోజనాల వేళ మా అమ్మ "నాలుగు చెంచాలు పట్టుకురా తల్లీ" అంది. పాప గుప్పెడు తెచ్చింది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంటే ఒకటి నుంచి అందుకుని, చెంచాలు అయిపోయినా ఆగకుండా ఇరవై దాటిపోయింది. పాపకు అంకెలంటే ఒక పాట. ఆ పాటకూ చేతిలోని వస్తువులకూ సంబంధం ఉందని దానికి తెలియనే తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అక్షరాల సంగతీ అంతే. ట్యాబ్‌లో చుక్కల మీద వేలు జరిపితే చాలు, 'అ' పూర్తయి చప్పట్లు వినిపిస్తాయి. పలక ఇస్తే బలపం పట్టుకోవడమే రాలేదు. మన అక్షరాలు చాలావరకు గుండ్రటివి. ఎక్కడ మొదలుపెట్టి ఎటు తిప్పాలో మణికట్టుకు అలవాటు కావాలి. అక్షరాభ్యాసం నాడు బియ్యంలో వేలు పట్టి దిద్దించాం కదా, అక్కడ గింజలు వేలికి అడ్డుపడతాయి, గీసిన గీత వేలికి తెలుస్తుంది. గాజు పలక మీద ఆ ఒరిపిడి ఎక్కడుంది?

మా అమ్మ వామనగుంటల పీట, చింతపిక్కలు బయటికి తీసింది. ఒక్కో గుంటలో ఒక్కో పిక్క వదులుతూ పోవాలి, చేతిలోవి ఎక్కడ అయిపోతాయో ముందే చూసుకోవాలి. రెండు నెలలకు పాప ఇంటికి ఎంతమంది వస్తే అన్ని కంచాలు లెక్కగా పెట్టడం మొదలుపెట్టింది. దానితో పాటు పళ్లెంలో బియ్యం పోసి అక్షరాలు, చపాతీ పిండి ముద్దలు, బఠానీలు ఒలవడం. వేళ్లకు బలం వచ్చాక బలపం దానంతట అదే నిలిచింది.

పెద్దల మాటా ఇదే. రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు తెర రోజుకు గంట మించకూడదని, తగ్గితే మరీ మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ల వయసుకు ఆటపాటల చదువే పునాది అంటుంది. అమెరికాలో పిల్లలు భాష నేర్చుకునే తీరును పరిశోధించే శాస్త్రవేత్త పట్రీషియా కుల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం నన్ను బాగా ఆలోచింపజేసింది. తొమ్మిది నెలల పిల్లలకు మనుషులు ఎదురుగా కూర్చుని చైనా భాషలో మాట్లాడితే ఆ ధ్వనుల తేడా పట్టుకున్నారు, అదే వీడియోలో చూపిస్తే పట్టుకోలేకపోయారు. మీవాడు నాలుగేళ్లవాడు, అంత పసివాడు కాడు, నిజమే. అయినా పక్కన మనిషి లేకుండా తెర ఒక్కటే నేర్పదని మా ఇంట్లో కళ్లారా చూశాను.

అలాగని ఫోను మొత్తం మూసేయలేదు. ఒకసారి కొండపల్లి వెళ్లి, తెల్ల పొణికి కర్రతో బొమ్మలు చెక్కే ఇల్లు చూపించాం. అంబారీ ఏనుగు కొనుక్కుంది. ఇంటికి వచ్చాక నిజం ఏనుగులు నీళ్లలో ఆడే వీడియో పక్కనే కూర్చుని పది నిమిషాలు చూపించాను. ఎన్ని ప్రశ్నలో! ఇప్పుడు ఆ బొమ్మతో తనే కథలు కడుతుంది. నేను ఫోనులో రికార్డు చేసి రేపల్లెలోని వాళ్ల తాతయ్యకు పంపుతాను. మర్నాడు తన గొంతు తనే విని "ఇక్కడ తప్పు చెప్పాను నాన్నా" అని కథ మార్చి చెబుతుంది. ఫోను వల్ల మా పాపకు జరిగిన అసలైన మేలు ఇదే అనిపిస్తుంది.

బడివాళ్లు పట్టుబడితే గొడవ పడకండి. ఆ వారం ట్యాబ్‌లో చెప్పే పాఠం ఏమిటో కాగితం మీద రాసివ్వమని, దాన్ని ఇంట్లో పలక మీద, గింజలతో చేయిస్తామని క్లాసు టీచరును అడగండి. మేము అలాగే అడిగాం. ఆవిడ సంతోషంగా ఒప్పుకుని, ప్రతి శుక్రవారం డైరీలో రాసి పంపేవారు.