తక్కువ ధరలో మంచి స్టేక్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేము ఏడాదిన్నర క్రితం హైదరాబాదు నుంచి ఇక్కడికి వచ్చాము. ఇంట్లో అందరమూ బీఫ్ తింటాము. నెలకోసారైనా పిల్లలతో కలిసి బయట స్టేక్ తినాలని ఉంటుంది గాని, ఖరీదైన స్టేక్‌హౌస్‌లకు వెళ్లే స్తోమత లేదు. పోయిన నెల ఒక చైన్ రెస్టారెంటులో మెనూలో అన్నిటికన్నా చౌకైన సర్లాయిన్ (నడుము వెనక భాగపు ముక్క) తీసుకుని, పచ్చిగా ఉంటుందేమోనన్న భయంతో వెల్ డన్ చేయించుకున్నాము. నమలలేక దవడలు నొప్పి పుట్టాయి. ఏ చైన్‌కు వెళ్తే మంచి ముక్క దొరుకుతుంది?
– ఒక పాఠకురాలు, ఇర్వింగ్, టెక్సస్

జవాబు: తప్పు ఆ రెస్టారెంటుది కాకపోవచ్చు. మీరు ఎంచుకున్న ముక్కకూ, దాన్ని కాల్చమన్న తీరుకూ పొత్తు కుదరలేదు. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేనూ ఇదే పొరపాటు చేసి, చెప్పు అట్టలాంటి ముక్కను మొహమాటం కొద్దీ చివరిదాకా నమిలాను. మాంసం ఎంత ఉడికితే అంత మెత్తబడుతుందన్నది మన వంటింటి అనుభవం. కూర వరకు అది నిజమే. కుక్కర్లో ఆరేడు విజిల్స్ వచ్చేదాకా నీళ్లలో ఉడికితే కండను పట్టి ఉంచే గట్టి పొరలు కరిగి జిగురుగా మారతాయి, ముక్క వేలితో నొక్కితే విడిపోతుంది. స్టేక్ అలా ఉడికేది కాదు, పది పదిహేను నిమిషాలు పొడి సెగ మీద కాలేది. అంత తక్కువ సమయంలో ఆ పొరలు కరగవు. పైగా వేడి పెరిగే కొద్దీ కండ పోగులు ముడుచుకుని, లోపలి తడిని పిండినట్టు బయటికి నెట్టేస్తాయి. కొవ్వు తక్కువగా ఉండే సర్లాయిన్‌లో ఆ తడి పోతే ఇక మిగిలేది పీచే.

అందుకని ఏ రెస్టారెంటు అన్న ప్రశ్న కంటే ముందు, మీ ఇంట్లో ఎవరు ఎంత కాలిన ముక్క తినగలరో తేల్చుకోండి. లోపల గులాబీ రంగు ఉన్నా అభ్యంతరం లేనివారు 6 ఔన్సుల సర్లాయిన్‌ను మీడియం అని చెప్పి తెప్పించుకోవచ్చు. చైన్ రెస్టారెంట్లలో పెట్టిన డబ్బుకు దీనికి మించిన ముక్క లేదని నా అభిప్రాయం. వెల్ డన్ తప్ప ముట్టనివారు మాత్రం కొంత ఖర్చు ఎక్కువైనా పక్కటెముకల దగ్గరి ముక్క అయిన రిబ్‌ఐ వైపు వెళ్లాలి. అందులో కండ మధ్య సన్నని తెల్ల చారలుగా కొవ్వు అల్లుకుని ఉంటుంది. బాగా కాలినప్పుడు అది కరిగి, పోయిన తడికి కొంత బదులు తీరుస్తుంది. పెద్ద రిబ్‌ఐ ఒకటి తీసుకుని ఇద్దరు పంచుకున్నా సరిపోతుంది. ఇక ఫిలే (వెన్ను కింద ఉండే సన్నని కండ) మెత్తన అన్నమాటే గాని రుచి చప్పన, ధర ఘనం. తక్కువ ఖర్చులో తినాలనుకునేవారు దాని జోలికి పోనక్కర్లేదు. T ఆకారపు ఎముక ఉండే టీబోన్ పళ్లెంలో రాజసంగా కనబడుతుంది, కాని తూకంలో ఎముక కూడా కలిసి ఉంటుంది.

చైన్ల సంగతికి వస్తే, మీ ఊరి చుట్టుపక్కల టెక్సస్ రోడ్‌హౌస్, లాంగ్‌హార్న్, ఔట్‌బ్యాక్ మూడూ ఉన్నాయి. పేర్లు చూసి మోసపోకండి. టెక్సస్ రోడ్‌హౌస్ 1993లో పుట్టింది ఇండియానా రాష్ట్రంలోని క్లార్క్స్‌విల్‌లో. ఆస్ట్రేలియా వేషం కట్టిన ఔట్‌బ్యాక్ 1988లో ఫ్లోరిడాలోని టాంపాలో మొదలైంది. మైసూరు బజ్జీకి మైసూరుతో ఎంత చుట్టరికమో వీటికీ అంతే. మూడింటిలో నేను మొదట చెప్పేది టెక్సస్ రోడ్‌హౌస్. అక్కడ మాంసాన్ని ప్రతి శాఖలోనూ చల్లటి గదిలో చేత్తో కోసే మనిషి ఉంటాడు. లోపలికి అడుగు పెట్టగానే అద్దాల పెట్టెలో ఆ పచ్చి ముక్కలు వరసగా కనబడతాయి. దాని ముందు నిమిషం నిలబడండి. ఒకే బరువున్న రెండు సర్లాయిన్లలో ఒకటి పలచగా వెడల్పుగా, మరొకటి చిన్నదైనా మందంగా ఉంటుంది. మందమైనదాన్ని చూపించి అదే కావాలని అడగవచ్చు. ఇందులో మొహమాటపడవలసింది ఏమీ లేదు. పలచని ముక్క పైన రంగు తేలేలోపే లోపల కాలిపోతుంది, కాబట్టి వంటవాడు ఎంత నేర్పరి అయినా దాన్ని మీడియం దగ్గర ఆపడం కష్టం.

మెనూలో చాయిస్ అన్న మాట ఉందేమో కూడా చూడండి. అది అమెరికా వ్యవసాయ శాఖ, కండలోని కొవ్వు చారలను ముఖ్యంగా చూసి ఇచ్చే శ్రేణి. ప్రైమ్ అన్నిటికన్నా పైది, చాయిస్ దాని తరువాతిది, సెలెక్ట్ ఆ కిందది. ప్రైమ్ కోసం వెతికితే మన లెక్క తప్పుతుంది, సెలెక్ట్ అయితే ముక్క పొడిబారుతుంది, కనుక మనలాంటివారికి చాయిస్ చాలు. ఏ గుర్తూ లేకుండా ఉత్త స్టేక్ అని రాసి, ధర మరీ తక్కువగా ఉంటే సందేహించవలసిందే.

వెళ్లే వేళ కూడా ముఖ్యం. టెక్సస్ రోడ్‌హౌస్‌లో చాలా శాఖలు వారం మధ్య రోజుల్లో సాయంత్రం తొందరగా వచ్చేవారికి కొన్ని భోజనాలు తక్కువ ధరకు ఇస్తాయి, అందులో సర్లాయిన్ కూడా ఉంటుంది. ఏయే రోజులు, ఎన్ని గంటల దాకా అన్నది శాఖను బట్టి మారుతుంది కాబట్టి ఫోన్ చేసి కనుక్కోండి. మధ్యాహ్నమే తినాలంటే లాంగ్‌హార్న్‌లో లంచ్ మెనూ నయం. శనివారం రాత్రి ఏడు గంటలకు మాత్రం ఎక్కడికీ వెళ్లకండి. గంటసేపు నిలబెడతారు, వంటింట్లో ఒత్తిడి ఎక్కువై మీడియం అడిగితే వెల్ డన్ వస్తుంది.

ఏ చైన్‌లోనూ పాత ధరలు ఇక తిరిగి రావేమో అనిపిస్తుంది. మేత భూముల్లో ఏళ్ల తరబడి కరువు వచ్చి రైతులు మందలను తగ్గించుకోవడంతో, 2025 జనవరి నాటికి ఈ దేశంలో పశువుల సంఖ్య 8 కోట్ల 67 లక్షలకు పడిపోయింది. 1951 తరువాత అప్పటిదాకా అంత తక్కువగా ఎన్నడూ లేదు. దూడ పుట్టి, పెరిగి, మాంసంగా బజారుకు రావడానికి ఏడాదిన్నర నుంచి రెండేళ్లు పడుతుంది కనుక ఈ కొరత ఒక్క సీజనులో తీరేది కాదు.

ప్రశ్న: గుంటూరు నుంచి వచ్చిన మా అత్తమామలను స్టేక్ తినడానికి తీసుకువెళ్లాను. మీడియం అని చెప్పాను. కోయగానే పళ్లెంలోకి ఎర్రటి నీరు కారింది. అది చూసి మా అత్తయ్య గారు "నెత్తురు కారుతోంటే ఎలా తింటారే తల్లీ!" అని చెయ్యి కడిగేసుకున్నారు. అది నిజంగా రక్తమేనా? తింటే ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, షార్లట్, నార్త్ కరోలినా

జవాబు: రక్తం కాదని మీ అత్తయ్య గారికి ధైర్యంగా చెప్పండి. పశువును కోసినప్పుడే దాదాపు రక్తమంతా తీసేస్తారు. పళ్లెంలోకి వచ్చింది కండలోని నీరు. ప్రాణవాయువును నిలవ ఉంచుకునే మయోగ్లోబిన్ అనే మాంసకృత్తు కలిసి ఉండటం వల్ల దానికి ఆ ఎరుపు. ముక్క కాలే కొద్దీ అదే గులాబీ రంగుకు, తరువాత గోధుమ రంగుకు మారుతుంది.

ప్రమాదం సంగతి వేరు. కీమా చేయని నిండు కండలో క్రిములు సాధారణంగా పైభాగం మీదే ఉంటాయి, పెనం మీద పైభాగమంతా బాగా కాలితే అవి చస్తాయి. కీమాలో పైనున్నది లోపలికి కలిసిపోతుంది కాబట్టి బర్గర్‌ను 160 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకు కాల్చాలని, నిండు స్టేక్‌కు 145 డిగ్రీలు చేరాక మూడు నిమిషాలు ఆగితే చాలని వ్యవసాయ శాఖ చెబుతుంది. ఆ 145 ఇంచుమించు మీడియం దగ్గర పడుతుంది. మీడియం రేర్ దానికి పది పదిహేను డిగ్రీలు తక్కువ. వయసు మళ్లినవారికి, గర్భిణులకు, చిన్నపిల్లలకు మీడియంకు తక్కువ వద్దు. ఇంకొక్క మాట గమనించాలి. గట్టి ముక్కలను మెత్తబరచడానికి కొందరు సన్నని సూదులతో, కత్తులతో గుచ్చుతారు. అప్పుడు పైనున్న క్రిములు లోపలికి దిగుతాయి. అలా గుచ్చిన పచ్చి మాంసం మీద ఆ సంగతి ముద్రించాలని 2016 మే నుంచి నిబంధన ఉంది గాని, రెస్టారెంటు పళ్లెం మీద ఆ చీటీ ఉండదు కదా, కాబట్టి అడిగి తెలుసుకోవడమే మార్గం.

ఈసారి వెళ్లినప్పుడు పెద్దవారికి రిబ్‌ఐని మీడియం వెల్ (మీడియంకు, వెల్ డన్‌కు మధ్య) చేయమని చెప్పండి. వంటింట్లోనుంచి వచ్చిన ముక్కను రెండు నిమిషాలు కదపకుండా ఉంచి, ఆ తరువాత కోస్తే పళ్లెంలోకి కారే నీరు చాలా తగ్గుతుంది.

ప్రశ్న: మెనూలో ధర చూసి మురిసిపోయి వెళ్తాము, బిల్లు చూసి తెల్లబోతాము. ఎక్కడ తేడా వస్తోంది?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ రాష్ట్రంలో 20 డాలర్ల స్టేక్‌కు 6.625 శాతం పన్ను, 18 శాతం టిప్పు కలిపితే దాదాపు 25 అవుతుంది. అది తప్పదు. తప్పించుకోగలిగినది మిగతాది: కూల్‌డ్రింకులు, ముందు తెప్పించుకునే వేపుళ్లు, స్టేక్ మీద వేయించిన పుట్టగొడుగులు కావాలా అని మర్యాదగా అడిగి బిల్లులో కలిపేవి. మంచినీళ్లకు డబ్బులుండవు, రొట్టె చాలా చోట్ల ఊరికే ఇస్తారు. స్టేక్ ధరలో పక్క వంటకాలు ఎన్ని కలిసి ఉన్నాయో కూడా చూడండి. టెక్సస్ రోడ్‌హౌస్‌లో రెండు వస్తాయి. ఒక్కటే ఇచ్చే చోట రెండోది కొనుక్కుంటే చౌక ముక్క చౌక కాకుండా పోతుంది. మెనూలో రాసేది పచ్చి ముక్క బరువు. 6 ఔన్సులంటే 170 గ్రాములు, కాలాక మీ పళ్లెంలోకి వచ్చేది అంతకంటే చిన్న ముక్క.

ప్రశ్న: నేను గొడ్డు మాంసం తినను. ఆఫీసువాళ్లు స్టేక్‌హౌస్‌కే వెళ్దామంటున్నారు. ఏం తినాలి?
– ఒక పాఠకుడు, ఫీనిక్స్, అరిజోనా

జవాబు: కాల్చిన సాల్మన్ చేప, చికెన్ దాదాపు అన్ని చోట్లా ఉంటాయి. కాని కొన్ని రెస్టారెంట్లలో ఉల్లిపాయ వేపుళ్లు, బంగాళాదుంప ముక్కలు గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు. బీన్స్‌లో పంది మాంసం ముక్కలు కలుపుతారు. గ్రేవీ కూడా అనుమానమే. కాల్చిన నిండు బంగాళాదుంప, సలాడ్ చాలా వరకు ఇబ్బంది లేనివి, అయినా వాటి మీద ఏం వేస్తారో అడిగి తెప్పించుకోండి. మీ చేపను విడిగా పెనం మీద చేయగలరేమో ముందే అడగండి.

ప్రశ్న: ఇదంతా దేనికి, టోకు దుకాణంలో మాంసం కొని ఇంట్లోనే కాల్చుకుంటే చవక కాదా?
– ఒక పాఠకుడు, నేపర్‌విల్, ఇల్లినాయ్

జవాబు: రిబ్‌ఐ విషయంలో మీ మాటే నిజం. బయట దాని ధరకూ దుకాణం ధరకూ తేడా చాలా ఎక్కువ. సర్లాయిన్‌లో ఆ తేడా తక్కువ. రొట్టె, రెండు పక్క వంటకాలు, గిన్నెలు తోమే పని తప్పడం లెక్కలో వేస్తే బయట తినడమే మేలనిపిస్తుంది. అందుకే మా ఇంట్లో సర్లాయిన్‌ను రెస్టారెంటుకు, రిబ్‌ఐని ఇంటికి వదిలేశాము.

కొనేటప్పుడు అంగుళంన్నర మందం ఉన్నది తీసుకోండి. చీటీ మీద కత్తులతో గుచ్చినట్టు రాసి ఉంటే మీడియం రేర్ మాట మరచిపోండి. తడి తుడిచి, ఉప్పు పట్టించి, బాగా కాగిన ఇనప పెనం మీద వేయాలి; నాన్‌స్టిక్ పెనం ఆ వేడికి పనికిరాదు. కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి మరీ మొదలు పెట్టండి. మా అపార్ట్‌మెంటులో మొదటిసారి నేను ఆ జాగ్రత్త తీసుకోక పొగ అలారం మోగి, పై అంతస్తు వారు చంటిపిల్లతో మెట్లు దిగి వచ్చారు. పెనం కూడా మా ఆవిడ అట్ల పెనమే. మరునాడు పొద్దున వేసిన అట్టుకు ఆ వాసన అంటింది. ఇప్పుడు మా ఇంట్లో రెండు ఇనప పెనాలున్నాయి, రెండోది గరాజ్‌లో ఉంటుంది.