బోర్డు తిప్పేసినవాళ్లని వదలొద్దు: మేనల్లుడికి ఉత్తరం

చిన్నా, అత్తయ్య ఆశీస్సులు.

ఉద్యోగం ఇప్పిస్తామని ఫీజు కట్టించుకున్న ఆ కోచింగ్ సంస్థ తాళం వేసి పోయిందని రాత్రి నువ్వు ఫోన్‌లో ఏడుస్తుంటే నాకు నోట మాట రాలేదు. చెప్పాల్సినవన్నీ పొద్దున లేచాక గుర్తొచ్చాయి. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. నీతోపాటు డబ్బు కట్టినవాళ్లు ఎందరుంటే అందరికీ చదివి వినిపించు.

అన్నిటికంటే ముందు నాన్నకి చెప్పు. ఇవాళే. మిర్చి అమ్మిన డబ్బు పోగొట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను అన్నావు. నువ్వు పోగొట్టలేదురా, వాళ్లు కాజేశారు. ఇంట్లో చెప్పుకోలేక నోరు మూసుకునే పిల్లలే అలాంటి యజమానులకి రక్ష. పైగా డబ్బు వెళ్లింది నాన్న ఖాతాలోంచి, ఆ స్టేట్‌మెంట్ మనకి కావాలి. ఎలాగూ తెలిసేదే. అన్నయ్య రెండు రోజులు మాట్లాడడేమో, మూడో రోజు నీ పక్కన పోలీస్‌స్టేషన్‌లో నిలబడతాడు. ఆయన్ని నేను నీకంటే ఎక్కువ కాలంగా ఎరుగుదును.

నాకివన్నీ ఎలా తెలుసంటే, నేనూ ఈ దారిన నడిచినదాన్నే. 2000లో హైదరాబాద్‌లో ఎక్కడ చూసినా మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ శిక్షణే. అమెరికా డాక్టర్లు చెప్పింది హెడ్‌ఫోన్లలో వింటూ, కాలి కింద పెడల్‌తో టేపు ఆపుకుంటూ టైపు చేసే పని. అమీర్‌పేట మైత్రీవనం వెనక సందులో ఒక సంస్థలో 28 వేలు కట్టాను. మీ నాయనమ్మ గాజులు తాకట్టు పెడితే వచ్చిన డబ్బది. కోర్సయ్యాక ఉద్యోగం ఖాయమన్నారు. ఏడో నెలలో ఒక సోమవారం వెళ్లేసరికి తాళం. మొత్తం 63 మందిమి. చివరిదాకా నిలబడింది తొమ్మిది మందిమి. డబ్బు మొత్తం చేతికొచ్చింది ఆ తొమ్మిది మందికే.

తాళం చూసిన రోజున కొందరు కుర్రాళ్లు ఆవేశంలో తలుపు పగలగొట్టి నాలుగు మానిటర్లు పట్టుకుపోయారు. ఇవైనా దక్కాయనుకున్నారు పాపం. మర్నాటికల్లా ఆ యజమాని మా మీదే దొంగతనం కేసు పెట్టాడు. నెలన్నర పాటు ఆ మానిటర్ల గొడవే తప్ప మా ఫీజుల ఊసు ఎవరూ ఎత్తలేదు. కాబట్టి మీ సంస్థ ఆఫీసులో పెన్ను కూడా ముట్టుకోవద్దని అందరికీ చెప్పు. తాళం, బోర్డు, తలుపుకి అంటించిన కాగితం, అన్నీ వీడియో తీసుకోండి. రేపటికి బోర్డు ఉండదు.

ఇంకో పొరపాటు కూడా చేశాం. బోర్డు మీద ఒక పేరు, రశీదు అడుగున సన్నటి అక్షరాల్లో ఇంకో పేరు. మేం బోర్డు పేరు మీద రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపాం. పది రోజులకి కవరు తిరిగొచ్చింది, దాని మీద పోస్ట్‌మన్ ఎర్ర సిరాతో ‘లెఫ్ట్’, అంటే వెళ్లిపోయారు, అని రాశాడు. ఆ కవరు ఇప్పటికీ నా బీరువాలో ఉంది. చివరికి దారి చూపించింది ఆ బిల్డింగు ఓనరు. ఆయనకీ ఐదు నెలల అద్దె బాకీ. అద్దె ఒప్పందంలో ఇద్దరు భాగస్వాముల పేర్లు, ఇంటి చిరునామాలు ఉంటే మాకు జిరాక్స్ ఇచ్చాడు. ఆ ఇంటి చిరునామాకి నోటీసు వెళ్లిన తర్వాతే మాతో మాట్లాడటం మొదలుపెట్టారు.

నీకు ఆ తిప్పలు లేవు. నీ రశీదు మీద అంకెలు, అక్షరాలు కలిపి 15 ఉండే జీఎస్టీ నంబరుంటే జీఎస్టీ పోర్టల్‌లో కొట్టు, అసలు పేరేదో, సొంత వ్యాపారమో కంపెనీయో అక్కడే తెలుస్తుంది. ప్రైవేట్ లిమిటెడ్ అయితే కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో డైరెక్టర్ల పేర్లుంటాయి. కంపెనీ ఒక్కదాని మీదే కేసు వేయకండి. మీ దగ్గర డబ్బు అడిగిన డైరెక్టర్లని, ఫీజు ఎవరి ఖాతాలో పడిందో వాళ్లని కూడా ప్రతివాదులుగా చేర్చమని లాయరుకి చెప్పండి. ఖాళీ కంపెనీ మీద గెలిచి ఏం చేసుకుంటాం?

కాగితాల సంగతి ఈ రాత్రికే చూడు. వాట్సాప్ గ్రూపు అడ్మిన్ వాళ్ల మనిషే కదా, ఏ క్షణాన్నైనా మెసేజ్‌లు తీసేస్తాడు. చాట్ మొత్తం ఫొటోలతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి మెయిల్‌కి పంపుకో. ‘నూరు శాతం ప్లేస్‌మెంట్’ అన్న ప్రకటన, ఇన్‌స్టాగ్రామ్ రీల్, ఆఫర్ లెటర్ చూపించిన డెమో క్లాసు, అన్నిటికీ స్క్రీన్‌షాట్లు తీయి. ఆ ఫోన్ మార్చకు, ఫార్మాట్ చేయకు. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, అసలు ఫోన్ ఉంటే ఎవరూ వంక పెట్టలేరు. నువ్వు నగదుగా ఇచ్చిన 60 వేలకి రశీదు లేదన్నావు. ఆ రోజు ఏటీఎంలో తీసిన వివరం స్టేట్‌మెంట్‌లో ఉంటుంది. కౌన్సెలర్ ‘అమౌంట్ రిసీవ్డ్’ అని మెసేజ్ పెట్టిందన్నావుగా, ఆ రెండూ పక్కపక్కన పెడితే అదే రశీదు.

ఆ కౌన్సెలర్ అమ్మాయి మీద అందరూ మండిపడుతున్నారని చెప్పావు. ఆమెకీ మూడు నెలలుగా జీతం లేదట కదా. నెమ్మదిగా మాట్లాడండి. ఎంతమంది కట్టారు, ఏ ఖాతాకి వెళ్లింది, ఆ లెక్కంతా అలాంటివాళ్ల దగ్గరే ఉంటుంది. మీ తరఫు సాక్షి కావాల్సిన మనిషిని తిట్టి శత్రువుని చేసుకోకండి. కమిషన్ కోసం స్నేహితుల్ని చేర్పించిన కుర్రాళ్ల సంగతీ అంతే. తీసుకున్న కమిషన్ ఎంతో వాళ్లనే రాసిమ్మనండి, మీతోనే ఉంచుకోండి.

పోలీసుల దగ్గరికి పదిమంది కలిసి వెళ్లండి, ఫిర్యాదు మాత్రం రాసి తీసుకెళ్లండి. ‘ఇది సివిల్ గొడవ, కోర్టుకి వెళ్లండి’ అంటారు. ఒక వ్యాపారం నష్టపోయి మూతపడితే అది నేరం కాదు, నిజమే. మొదటినుంచీ మోసం చేసే ఉద్దేశం ఉందని చూపిస్తేనే చీటింగ్ అవుతుంది, అంటే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, పాత 420. అందుకే మీ ఫిర్యాదులో బాధ గురించి రెండు వాక్యాలు చాలు, తేదీలు ఎక్కువ రాయండి. అద్దె కట్టడం ఎప్పుడు ఆపారు, ట్రైనర్లకి జీతాలు ఎప్పుడు ఆగాయి, ఆ తర్వాత కూడా ఎంతమంది దగ్గర ఫీజు వసూలు చేశారు, నకిలీ ఆఫర్ లెటర్లు ఎప్పుడు ఇచ్చారు. మూసేసే వారం దాకా కొత్త అడ్మిషన్లు తీసుకున్నారంటే ఉద్దేశమేంటో ఎవరికైనా అర్థమవుతుంది. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకో. స్టేషన్‌లో ఫిర్యాదే తీసుకోకపోతే పై అధికారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. కేసు నమోదు కాగానే వాళ్ల బ్యాంకు ఖాతాలు ఫ్రీజ్ చేయమని రాతపూర్వకంగా అడగండి. ఈ పని నెల ఆలస్యమైతే ఖాతాలో మిగిలేది సున్నా.

పోలీసు కేసు మనిషిని పట్టిస్తుంది, డబ్బు రప్పించేది ఎక్కువగా వినియోగదారుల కమిషనే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నువ్వు నివాసముండే జిల్లాలోనే వేయొచ్చు, అంటే గుంటూరులో వేసుకోవచ్చు, హైదరాబాద్ తిరగక్కర్లేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే కేసు వేయడానికి ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. మోసం బయటపడిన రోజునుంచి రెండేళ్లు గడువు, కానీ రెండేళ్లున్నాయి కదా అని కూర్చోవద్దు. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకో. అక్కడ తేలకపోయినా, అడిగాం పట్టించుకోలేదు అనడానికి ఆధారం.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది దీనిలోనే చిక్కుకుంటారు. కాలేజీలు, వృత్తివిద్యా సంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని, కోచింగ్ సెంటర్లు మాత్రం వస్తాయని 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ చెప్పింది. కాబట్టి వాళ్ల లాయరు మొదటి వాయిదాలోనే ‘మాది విద్యాసంస్థ’ అంటాడు. మీ పిటిషన్‌లో మొదటి పేజీలోనే రాయించండి: ఏ యూనివర్సిటీ గుర్తింపూ లేదు, డిగ్రీ లేదు, ఉద్యోగం ఇప్పిస్తామని ప్రకటించి డబ్బు తీసుకున్న కోచింగ్ వ్యాపారం ఇది. లేని గుర్తింపు ఉందని చెప్పి పిల్లల్ని చేర్చుకున్న బిహార్‌లోని ఒక డెంటల్ కాలేజీని 2009లో సుప్రీంకోర్టే తప్పుపట్టింది. కోచింగ్ ప్రకటనల్లో ఉద్యోగాల మీద తప్పుడు హామీలు ఇవ్వకూడదని 2024 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు కూడా తెచ్చింది. నీ స్క్రీన్‌షాట్లు అక్కరకొచ్చేది ఇక్కడే.

అందరూ కలిసి ఒకే ఫిర్యాదు వేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, కొద్దిమందైనా ఉమ్మడిగా వేయొచ్చని 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నన్నడిగితే మాత్రం ఎవరిది వాళ్లు, ఒకే లాయరుతో, ఒకే రోజున వేయండి. మధ్యలో ఒకరు రాజీపడితే మిగతావాళ్ల కేసు కదలదు. మీలో ఆడపిల్లలు, ఎస్సీ, ఎస్టీ పిల్లలు ఉన్నారు కదా, వాళ్లకి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరునిస్తుంది. 15100 కి ఫోన్ చేస్తే చెబుతారు.

రాజీ మాటెత్తాను కాబట్టి మనసులో పెట్టుకోవాల్సింది చెబుతాను. నోటీసు అందగానే యజమాని మిమ్మల్ని అందర్నీ పిలవడు, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాడు. ‘నీకు మాత్రం ఇచ్చేస్తాను, ఎవరికీ చెప్పకు’ అంటాడు. మా బ్యాచ్ 63 నుంచి తొమ్మిదికి దిగింది ఇలాగే. ఒకతను 10 వేలకి సంతకం పెట్టాడు, ఇద్దరు అక్కాచెల్లెళ్లకి చెక్కు ఇచ్చి కేసు వెనక్కి తీయించారు, ఆ చెక్కు బౌన్సయింది. అలా ఎవరికైనా చెక్కు వస్తే డబ్బు ఖాతాలో పడేదాకా దేనిమీదా సంతకం వద్దు. బౌన్సయితే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లో నోటీసివ్వాలి, వాళ్లకి 15 రోజులు గడువు, అది దాటాక నెల లోపు కేసు వేయాలి. ఒక్క తేదీ తప్పినా ఆ కేసు బలం పోతుంది, గోడ మీద క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. నువ్వు స్వార్థం చూసుకోవని నాకు తెలుసు, అయినా చెబుతున్నాను: ఏ ఫోనొచ్చినా స్పీకర్ పెట్టి, పక్కన ఇంకొకరుండగా మాట్లాడు.

ఇక ఫీజు కోసం వాయిదాల మీద తీసుకున్న 1,20,000 లోను సంగతి. కంపెనీ మూతపడింది కాబట్టి కట్టక్కర్లేదని ఎవరో చెప్పారన్నావు. తొందరపడకు. లోను నీ పేరు మీద ఉంది, చెప్పాపెట్టకుండా ఆపితే సిబిల్ స్కోరు, అంటే అప్పులు సరిగ్గా కడతావా లేదా అన్నదానికి ఇచ్చే మార్కు, పడిపోతుంది, రికవరీవాళ్లు నాన్నకి ఫోన్లు చేస్తారు. ముందు ఆ ఫైనాన్స్ కంపెనీకి మెయిల్ పెట్టు: శిక్షణ ఆగిపోయింది, ఈ తేదీనుంచి వాయిదాలు నిలిపేయండి అని, ఎఫ్ఐఆర్ కాపీ జతచేసి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి, అంటే ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. కమిషన్ కేసులో ఆ ఫైనాన్స్ కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చి, కేసు తేలేదాకా వాయిదాలు వసూలు చేయకుండా మధ్యంతర ఉత్తర్వు అడిగించు.

ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరున్న పిల్లల పేర్లు విడిగా జాబితా రాసి ఫిర్యాదుకి జతచేయండి. డబ్బుకంటే అవి ముందు.

ఇంకొకటి నిన్ను అడగక తప్పదు. ‘బ్యాక్‌డోర్’ ఉద్యోగమని, మూడేళ్లు పనిచేసినట్టు దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇస్తామని కొందరికి అదనంగా వసూలు చేశారట. నువ్వూ తీసుకుని ఉంటే నాకు చెప్పకపోయినా ఫర్వాలేదు, లాయరుకి మాత్రం మొదటి రోజే చెప్పు. ఆ కాగితం ఎక్కడా పెట్టకు. అవతలివాళ్లు దాన్నే పట్టుకుని మిమ్మల్ని బెదిరిస్తారు. చేసిన తప్పు ముందే ఒప్పుకున్నవాణ్ణి ఎవరూ బెదిరించలేరు.

మా కేసు గెలిచాక కూడా పైసా రాలేదు. ఆర్డర్ కాపీ పట్టుకుని ఆరునెలలు తిరిగాం. తర్వాత అమలు పిటిషన్ వేస్తే వారెంటు వచ్చింది, అప్పుడు ఆయన మూడు విడతల్లో కట్టాడు. ఇప్పటి చట్టంలో ఆర్డర్ పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అప్పీలుకి వెళ్లాలన్నా సగం డబ్బు ముందు డిపాజిట్ చేయాలి. లాయరుతో ఫీజు మాట్లాడుకునేటప్పుడే అమలు పిటిషన్ కూడా అందులో కలిపి మాట్లాడుకో. నాకు ఆఖరి విడత డబ్బు అందిన సాయంత్రం నేరుగా తాకట్టు కొట్టుకి వెళ్లి గాజులు విడిపించాను. వడ్డీకి ఇంకా 1,100 తక్కువైతే మీ నాన్న ఇచ్చాడు. ఆయన కోప్పడతాడని భయపడుతున్నావు కదా, అందుకే చెబుతున్నాను.

శనివారం పల్నాడు ఎక్స్‌ప్రెస్‌కి వస్తున్నాను. సికింద్రాబాద్‌కి రా. రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్, లోను కాగితం మూడు సెట్లు జిరాక్స్ తీయించి ఉంచు. మీ బ్యాచ్‌వాళ్లని పదిమందినైనా నీ రూముకి రమ్మను, ఒక నోట్‌బుక్‌లో ఎవరెంత కట్టారో, ఏ తేదీన, ఎవరి చేతికి ఇచ్చారో నేనే రాస్తాను. అన్నం వండి పెట్టు చాలు, కూర, పచ్చడి నేను తెస్తాను.

మీ అత్తయ్య