హాబీలేంటని అడిగితే ఉన్నది చెప్పు

బుజ్జీ,

గుంటూరు హాస్టల్లో బాగానే సర్దుకున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. మాటల్లో ఇంకో సంగతి కూడా చెప్పింది. కొత్త రూమ్మేట్లు నీ హాబీలేంటని అడిగితే "పాటలు వినడం, సినిమాలు చూడడం" అన్నావట. రైలింజన్ల నంబర్లు రాసుకునే నోట్‌బుక్కు, ఇంకుపెన్నులు, చదరంగం, వీటిలో ఒక్కటీ బయటపెట్టలేదట. చెబితే నెర్డ్ అని, అంటే ఏదో ఒకదాని పిచ్చిలో మునిగిపోయే మనిషని, ముద్ర వేస్తారని టెన్షన్ పడ్డావట. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయాలున్నాయి. నేనూ నెర్డ్‌నే, చిన్నప్పటినుంచీ, కాబట్టి చెప్పే హక్కు ఉందనుకుని రాస్తున్నాను.

ఎవరడిగినా ఉన్నది చెప్పు. "నాకు రైళ్లంటే ఇష్టం" అని ఊరుకుంటే వినేవాళ్లకి ఏమీ అందదు. పట్టుకోడానికి ఒక కొస అందించాలి. "బెజవాడ స్టేషన్‌లో ఇంజన్ మీద డబ్ల్యూఏపీ-7 అని రాసుంటుంది, ఎప్పుడైనా చూశారా? డబ్ల్యూ అంటే బ్రాడ్‌గేజ్, ఏ అంటే ఏసీ కరెంటుతో నడిచేది, పీ అంటే ప్యాసింజర్ బండ్లు లాగేది. పీ బదులు జీ ఉంటే గూడ్సు ఇంజన్" అని చెప్పు. అర నిమిషం పట్టదు. విన్నవాళ్లు ఈసారి ఊరెళ్లేటప్పుడు ప్లాట్‌ఫాం మీద ఆ అక్షరాలు చదవకుండా ఉండలేరు. వాళ్లలో ఒకరు "ఇదిగో నీ డబ్ల్యూఏజీ-9" అని ఫొటో తీసి పంపుతారు. నాకున్న మంచి స్నేహాల్లో సగం ఇలా మొదలైనవే. అయితే అక్కడితో ఆపెయ్. లోకో షెడ్ల పేర్లూ హార్స్‌పవర్ లెక్కలూ వాళ్లంతట వాళ్లు అడిగినప్పుడు తియ్యి. అడగకుండా చెప్పుకుంటూ పోవడం, చాలు చాలంటున్నా వినకుండా విస్తట్లో ఇంకో గరిటె అన్నం వెయ్యడం లాంటిది.

"దీనివల్ల ఏమొస్తుంది?" అని అడుగుతారు చూడు, ఆ ప్రశ్నకి బెదరకు. మన వైపు పిల్లలు ఏది ముట్టుకున్నా ముందొచ్చే ప్రశ్న అదే. మార్కులొస్తాయా, ర్యాంకొస్తుందా, రెజ్యూమెలో రాసుకోవచ్చా? ఏమీ రాదని నిక్షేపంగా చెప్పు. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో చేరిన కొత్తలో ఫోన్లు కలపడానికి స్ట్రోజర్ యంత్రాలుండేవి. అప్పుడన్నీ డయల్ తిప్పే ఫోన్లు. మూడు తిప్పితే లైన్‌లో కరెంటు మూడుసార్లు తెగి మళ్లీ కలిసేది, సున్నా తిప్పితే పదిసార్లు. తెగినప్పుడల్లా యంత్రంలో సెలెక్టర్ ఒక్కో మెట్టు చొప్పున టక్ టక్ మంటూ పైకెక్కేది, ఆ తర్వాత పక్కకి తిరిగి లైన్ వెతుక్కునేది. ఆ చప్పుడు వింటూ వింటూ అవతల ఎవరో ఏ అంకె తిప్పారో చెప్పగలిగేదాన్ని. డ్యూటీకి దాంతో పనిలేదు, ప్రమోషన్‌కి అంతకన్నా లేదు. వినడం బాగుండేది, అందుకే విన్నాను. ఆ యంత్రాలన్నీ తీసేశారు. ఆ సరదా మాత్రం ఇప్పటికీ నాతోనే ఉంది, తలుచుకుంటే ఇంత వయసులోనూ హుషారొస్తుంది.

చదరంగం సంగతీ అంతే. బోర్డు తీస్తే చాలు, చుట్టాల్లో ఎవరో ఒకరు కోనేరు హంపి పేరెత్తుతారు. ఎత్తాల్సిందే మరి. 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది, మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌షిప్ 2019లో ఒకసారి, 2024లో మళ్లీ గెలిచింది. ఇప్పుడు నువ్వున్న గుంటూరు నుంచి ద్రోణవల్లి హారిక ఉంది, ఆమె కూడా గ్రాండ్‌మాస్టరే. వాళ్లని చూసి మనం మురిసిపోవచ్చు. సాయంత్రం రూమ్మేట్‌తో ఒక ఆట వేసుకోడానికి మాత్రం నువ్వు హంపివి కానక్కర్లేదు. రేటింగ్ అక్కర్లేదు, ఓడిపోయినా నవ్వుకుంటూ టీకి వెళ్లొచ్చు. మన ఊళ్లలో దేన్నైనా పట్టుకుని కోచింగ్ కింద మార్చేస్తారు. నీ హాబీల్లో కనీసం ఒక్కదాన్నైనా ఆ దారిన పోకుండా కాపాడుకో.

ఇప్పుడు నాకు బాగా పట్టింపున్న సంగతి. నెర్డ్ అన్న పేరు ఇష్టంగా పెట్టుకున్నవాళ్లలో కొందరికి ఒక చెడ్డ అలవాటు ఉంది, ఎదుటివాళ్లకి పరీక్ష పెట్టడం. నీకు ఇదంటే ఇష్టమా, అయితే అది చెప్పు చూద్దాం, అది కూడా తెలియదా అంటారు. పైగా కంప్యూటర్లూ సైన్సూ చదరంగమూ తెలిసినవాళ్లే తెలివైనవాళ్లని ఒక లెక్క. ఇది నాకు అస్సలు నచ్చదు. మా వీధిలో ఒక పిన్నిగారున్నారు. మంగళగిరి చీర చేతికిస్తే ముందు అంచు మీద వేలు పెట్టి తడుముతారు, తర్వాత ఒక పొర వెలుతురుకి ఎత్తి పట్టుకుని నేత ఎంత దగ్గరగా ఉందో చూస్తారు. ఇది గుంట మగ్గం మీద నేసిందా, పవర్‌లూమ్ మీదా అన్నది ఆ రెండు పనుల్లో తేల్చేస్తారు. ఏ సినిమా గాంధీనగర్లో ఏ హాల్లో ఎన్ని రోజులు ఆడిందో గడగడా చెప్పే ఆటో అబ్బాయి కూడా ఉన్నాడు. వీళ్లెవరూ తమని నెర్డ్ అనుకోరు. నా దృష్టిలో వీళ్లంతా మనవాళ్లే.

నీ రూమ్మేట్ తెనాలి అమ్మాయి నోట్‌బుక్ వెనక పేజీల నిండా ముగ్గులు వేసుకుంటుందని మీ అమ్మ అంది. నీ నోట్‌బుక్కు తీసే ముందు ఆ పిల్ల నోట్‌బుక్కు అడిగి చూడు. "పదిహేను చుక్కలు, సందు చుక్క, ఎనిమిది వరకు" అంటే ఏంటో ఆమె చేతే చెప్పించుకో. మధ్య వరసలో 15 చుక్కలు పెడతారు. దాని పైన, ఆ చుక్కల సందుల్లో 14 వస్తాయి, ఆపైన 13, అలా 8 దాకా తగ్గుతూ పోతాయి. కింది వైపూ అంతే. పెట్టడం అయ్యాక చూస్తే ఆరు పలకల ఆకారం వచ్చి ఉంటుంది. మొత్తం చుక్కలు లెక్కవేస్తే 169. అంటే పదమూడు పదమూళ్లు! ఆరు పలకల్లో పెట్టిన చుక్కలన్నీ తీసి పేరిస్తే వరసకి పదమూడు చొప్పున నిండు చదరం అవుతుందన్నమాట, ఒక్క చుక్క మిగలదు, ఒక్కటి తక్కువ పడదు. నేను ఇది మొదటిసారి గమనించినప్పుడు ముగ్గుపిండి చేత్తోనే వాకిట్లో కూర్చుండిపోయాను. ఆ అమ్మాయికి చెయ్యి తిరిగిన లెక్క ఉంది, నీకు కాగితం మీది లెక్క ఉంది. ఇద్దరూ కలిస్తే ఎంత బాగుంటుందో ఆలోచించు.

ఒకే ముద్రతో బతకాలేమోనన్న బెంగ కూడా వద్దు. మన పింగళి వెంకయ్యగారి సంగతి చూడు. జెండాలకి రకరకాల నమూనాలు గీసి 1916లో పుస్తకమే వేశారు, 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలప్పుడు గాంధీగారి చేతికి జెండా ఇచ్చారు. పత్తి రకాల మీద పరిశోధన చేసినందుకు జనం పత్తి వెంకయ్య అన్నారు. బాపట్లలో జపాన్ భాషలో ప్రసంగించినందుకు జపాన్ వెంకయ్య అన్నారు. రాళ్లూ వజ్రాల గురించి తెలిసినందుకు డైమండ్ వెంకయ్య అన్నారు. పేర్లు పెట్టేవాళ్లు పెడుతూనే ఉన్నారు, ఆయన తనకి ఆసక్తి పుట్టినచోటికల్లా వెళ్తూనే ఉన్నారు. నిన్ను ఈ సంవత్సరం రైళ్ల పిల్ల అంటారు, వచ్చే సంవత్సరం నీకు ఇంకేదో పట్టుకుంటుంది. పట్టుకోనీ. పాతది మానేశానే అని బాధపడక్కర్లేదు, నోట్‌బుక్కులు ఎక్కడికీ పోవు.

నోట్‌బుక్కు మాత్రం చేత్తోనే రాయి. తేదీ, చోటు, చూసింది, అంతే. ఫోన్‌లో పెట్టుకున్నవి మళ్లీ తిరగెయ్యం. ఇంకుపెన్ను ఎలాగూ ఉంది. ఖరీదైనవి ఇప్పుడే కొనకు, ఏ హాబీకైనా ముందు సామాను కొనేవాళ్లు సామాను దగ్గరే ఆగిపోవడం చాలామందిలో చూశాను.

చలికాలం వచ్చాక ఒక ఆదివారం నువ్వూ ఆ తెనాలి అమ్మాయీ ఉప్పలపాడు వెళ్లండి. గుంటూరుకి పక్కనే, ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులూ, రంగురంగుల కొంగలూ గుంపులు గుంపులుగా వాలి ఉంటాయి. ఊరివాళ్లు వాటిని తమవిగా చూసుకుంటారు కాబట్టి గట్టిగా అరవకండి. బైనాక్యులర్స్ లేకపోయినా పర్వాలేదు, దగ్గరగానే కనిపిస్తాయి. పొద్దున్నే వెళ్తే మేలు, ఎండెక్కితే మీరూ డీలా పడతారు. ఒకే చెట్టు ఎంచుకుని దాని మీద ఎన్ని ఉన్నాయో ఇద్దరూ విడివిడిగా లెక్కపెట్టి, తర్వాత నోట్‌బుక్కులు కలిపి చూసుకోండి. తేడా వస్తుంది. ఎందుకొచ్చిందో వాదించుకుంటూ బస్సెక్కండి.

పాత పుస్తకాలేమన్నా కావాలంటే రాయి, లెనిన్ సెంటర్‌లో వెతికి పెడతాను. రైళ్ల మీద దొరికితే అడక్కుండానే తీసుకుంటాను.

సంక్రాంతికి ముందు ఒక్కరోజైనా ఆ తెనాలి అమ్మాయిని మనింటికి తీసుకురా. వాకిలి కడిగి ఉంచుతాను. ఈసారి 21 చుక్కలు, సందు చుక్క, 11 వరకు పెడదాం. మొత్తం ఎన్నో, అది కూడా నిండు చదరం అవుతుందో లేదో నేను చెప్పను, వచ్చేలోపు మీరిద్దరే తేల్చండి.

మీ పెద్దమ్మ
విజయవాడ